సగం కాగితం మీద తీగ

మీ ఇంట్లో ఎవరైనా పళ్లెంలో సగం అన్నం తిని, మిగతా సగం ముట్టుకోకుండా, "ఇంకొంచెం పెట్టండి" అని అడుగుతున్నారా? అయితే వాళ్ల మీద విసుక్కోకండి. నేనూ అలా అడిగిన మనిషినే. ఇప్పుడు తేరుకున్నాను. తేరుకున్నది నిలబడాలని కొంత, ఇంకో ఇంట్లో ఎవరైనా భయపడుతుంటే వాళ్లకి ఉపయోగపడుతుందని కొంత, ఇది రాయడానికి కూర్చున్నాను. రాయడం నాకు అలవాటు లేని పని, నా పని గీయడం. ప్రతి కాగితానికీ ఎడమ అంచున ఎర్ర స్కెచ్ పెన్నుతో గీత కొట్టుకుని మొదలుపెడుతున్నాను. ఆ గీత ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది.

మాది విజయవాడ వన్ టౌన్. పప్పుల గోడౌన్ మీద మేడ. పొద్దున్నే కింద తోపుడుబళ్ల మీదికి బస్తాలు ఎత్తుతుంటే మినప్పప్పు దుమ్ము మా కిటికీ దాకా లేచేది. ముందు గదిలో రెండు మగ్గాలు ఉండేవి. బట్ట నేసే మగ్గాలు కావు, చీరనో జాకెట్టు ముక్కనో నాలుగు వైపులా బిగించి కట్టే చెక్క చట్రాలు. వాటి మీద జరీ, పూసలు, చెమ్కీలు కుట్టేది మా చెల్లెలు నజ్మా. డిజైన్లు గీసేది నేను. మా ఆయన కరీం ఆటోనగర్‌లో లారీల వైరింగు పని చేస్తారు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. అది తెలియకపోతే నాకు జరిగింది మీకు అర్థం కాదు. జాకెట్టు మెడకి డిజైన్ గీసేవాళ్లు మొత్తం మెడ గీయరు. ట్రేసింగ్ పేపరు మీద సగమే గీస్తారు. నేనైతే ఎప్పుడూ కుడి సగమే. తర్వాత కాగితాన్ని మధ్యకి మడిచి, గీత వెంబడే సూదితో సన్నటి బొక్కలు పొడుస్తాం. మడత విప్పితే రెండు వైపులా అచ్చు ఒకేలాంటి బొక్కలు. ఆ కాగితాన్ని బట్ట మీద పరిచి, కిరసనాయిల్లో కలిపిన తెల్ల పొడిని గుడ్డతో రుద్దితే డిజైన్ చుక్కలు చుక్కలుగా బట్ట మీదికి దిగుతుంది. సగం మనం గీస్తే మిగతా సగం సంగతి మడతే చూసుకుంటుంది.

డిజైన్లు నాకు ఎక్కడి నుంచి వచ్చేవో నాకే తెలియదు. మధ్యాహ్నం భోంచేశాక గోడకి ఆనుకుని కూర్చునేదాన్ని. నిద్రా కాదు, మెలకువా కాదు. కింద బళ్ల చప్పుడు దూరంగా పోయేది. అప్పుడు కాలువ నీళ్ల మీద చూసిన గుర్రపుడెక్క పువ్వూ, ఎవరి ఇంటి గేటు మీదో చూసిన ఇనప మెలికా, చిన్నప్పుడు మా అమ్మ చేతి మీద పెట్టిన మెహందీ, ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడేవి. చూస్తుండగానే కలిసిపోయేవి. చటుక్కున లేచి గీసేసేదాన్ని. "మా ఆపా గుర్రు పెడితే గానీ చీర మీద పువ్వు పూయదు" అని నజ్మా వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వించేది.

2004, ఏప్రిల్

ఎండలు ముదురుతున్న రోజులు. పొద్దున టీ తాగుతున్నాను. ఒళ్లో ఎవరిదో చెయ్యి ఉంది. "నజ్మా, చెయ్యి తియ్యి, ఉక్కగా ఉంది" అన్నాను. నజ్మా వంటింట్లో నుంచి "ఏ చెయ్యి ఆపా?" అంది. ఆ చెయ్యి నాదే, నా ఎడం చెయ్యి. అప్పటికి నొప్పి లేదు, భయం కూడా లేదు. ఎవరో మెత్తగా వచ్చి నా పక్కన పడుకున్నట్టుంది. గ్లాసు జారి టీ ఒలికిందనీ, లేవబోయి పడ్డాననీ నజ్మా చెబితే తెలిసింది.

మెదడులో కుడి పక్క రక్తం గడ్డ కట్టిందన్నారు. ఆస్పత్రి రోజులు నాకు ఒక పొడుగాటి మధ్యాహ్నంలా గుర్తున్నాయి. నా మంచానికి కుడి పక్క కిటికీ. కిటికీలో వేపకొమ్మ, కొమ్మకి అవతల తెల్లటి ఎండ. చూపు ఎప్పుడూ అక్కడే. కొమ్మ కదిలితే ఆకుల నీడలు దుప్పటి మీద డిజైన్లు వేసేవి, నేను వాటిని మనసులోనే మడతపెట్టి పొడుచుకునేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నాకు ఏ బాధా లేదు, ఒక్కటి తప్ప.

మా ఆయన రావడం లేదు.

వచ్చినట్టే వచ్చేవారు. మంచం కాళ్ల దగ్గర ఒక్క క్షణం కనిపించేవారు, అంతే, మాయమైపోయేవారు. తర్వాత ఆయన గొంతు మాత్రం వినిపించేది. "రజియా, ఇటు చూడు. రజియా, ఇటు." అది కిటికీ వైపు నుంచి వస్తున్నట్టు ఉండేది. రోడ్డు మీద నిలబడి పిలిచి వెళ్లిపోతున్నారని అనుకున్నాను. లోపలికి వచ్చి నాలుగు నిమిషాలు కూర్చోవడానికి కూడా తీరిక లేదా అని ఒళ్లు మండిపోయేది.

"మీ బావకి నేనంటే రోత పుట్టిందే" అన్నాను నజ్మాతో.

"అదేం మాట ఆపా? బావ ఇక్కడే ఉన్నారు కదా."

"ఎక్కడ?"

"ఇదిగో, ఇక్కడే."

నజ్మా చెయ్యి చూపించింది. చెయ్యి మోచేతి దాకా కనిపించింది, ఆ తర్వాత చెయ్యీ లేదు, మనిషీ లేడు. దీనికి బావంటే మొదటి నుంచీ గౌరవం, వెనకేసుకొస్తోంది అనుకున్నాను. కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. బయట వరండాలో బెంచీల మీద కూర్చున్నవాళ్లలో ఎవరో ముసలావిడ, మేమెవరో తెలియదు, నజ్మా భుజం మీద చెయ్యేసి ఫ్లాస్కులో కాఫీ పోసి ఇచ్చిందట. నజ్మా ఇప్పటికీ ఆవిడ సంగతి చెబుతుంది.

2004, మే, జూన్

ఇంటికి తీసుకొచ్చారు. ఆటో కాలువ వంతెన మీద ఆగింది. కాలువ చూశాను. దానికి ఒకటే గట్టు ఉంది. గట్టు, గట్టు మీద బట్టలు ఆరేసిన రాళ్లు, పచ్చటి నీళ్లు, ఆ నీళ్లు కొంత దూరం వచ్చి ఆగిపోయాయి. ఆగినచోట చీకటి లేదు, తెలుపు లేదు, ఖాళీ కూడా లేదు. అసలు అక్కడ ఏదైనా ఉండాలన్న ఆలోచనే నాకు రాలేదు. కాలువ అంటే అంతే అనిపించింది. అలాంటి కాలువ ఎంత అందంగా ఉంటుందో ఇప్పుడు చెప్పినా మీరు నమ్మరు.

కాలు త్వరగానే సర్దుకుంది. చెయ్యి కొంచెం కొంచెంగా కదిలింది. కానీ ఇంట్లో వింతలు మొదలయ్యాయి. తల సగం దువ్వుకుని వచ్చేదాన్ని. ఒక్క కంటికే సుర్మా పెట్టుకునేదాన్ని. అన్నం సగం తిని, కూర వెయ్యలేదేమని దెబ్బలాడేదాన్ని. కూర పళ్లెంలోనే ఉండేది, ఎడమ పక్క. మా ఆయన ఏమీ అనకుండా పళ్లెం పట్టుకుని గిర్రున తిప్పేవారు. కూర ప్రత్యక్షమయ్యేది. "ముందే వెయ్యొచ్చు కదా, అడిగించుకోవాలా?" అనేదాన్ని. ఆస్పత్రికి రాని మనిషి ఇప్పుడు పళ్లెం తిప్పితే నాకు ఇంకా కోపం వచ్చేది. అవసరమైతే తప్ప ఆయనతో మాట్లాడడం మానేశాను.

నరాల డాక్టరు గారు నెమ్మదస్తుడు. గడియారం బొమ్మ వెయ్యమన్నారు. గుండ్రంగా గీసి అంకెలన్నీ వేశాను. అన్నీ కుడి పక్కనే కిక్కిరిసి ఉన్నాయట. నాకైతే చక్కగా కనిపించింది.

"మీ చూపు బాగానే ఉందమ్మా. ఎడమ వైపు ధ్యాస పోవడం లేదు, అంతే. కన్ను చూస్తోంది, మెదడు పట్టించుకోవడం లేదు" అన్నారు.

"నాకేం కాలేదండీ, మీరే ఏదో అంటున్నారు" అన్నాను. ఆయనకి ఇలాంటివాళ్లు అలవాటేననుకుంటాను. "మీతో వాదించనమ్మా" అని నవ్వి, తలని ఎడమ వైపుకి తిప్పే కసరత్తులు రాసిచ్చి, నజ్మాని పక్కకి పిలిచి ఏదో చెప్పారు.

2004, జూలై, ఆగస్టు

శ్రావణమాసం దగ్గరపడింది. జాకెట్లు వచ్చిపడ్డాయి. నజ్మా ఒక్కతే పాత కాగితాలతో నెట్టుకొస్తోంది. ఒక మధ్యాహ్నం నేను గోడకి ఆనుకుని కూర్చుంటే ఎన్నాళ్లకో మళ్లీ ఆ మగత వచ్చింది. వేపాకుల నీడలు, కాలువ నీళ్లు, కాఫీ పోసిన ముసలావిడ చెవి కమ్మ (నజ్మా చెప్పిన కమ్మే, నేను చూసింది కాదు), అన్నీ కలిసి ఒక మెడ అయ్యాయి. పెన్సిల్ తీసుకుని గీశాను. నజ్మా మడిచి, పొడిచి, విప్పి చూసి కెవ్వుమంది.

"ఆపా! అచ్చం మునుపటిలాగే ఉంది! కాదు, మునుపటికంటే బావుంది!"

ఇంటిల్లిపాదీ పండగ చేసుకున్నట్టే అయింది. వరసగా గీశాను. గీసిన ప్రతిదీ కుదిరింది. బుర్ర పాడైన మనిషి ఇలా గీస్తుందా అని వచ్చినవాళ్లంతా ఆశ్చర్యపోయారు. నేనేం చెప్పాను, నాకేం కాలేదని చెప్పలేదా అని అందరి మీదా విరుచుకుపడ్డాను. కసరత్తులు మానేశాను. డాక్టరు గారి దగ్గరికి వెళ్లడం మానేశాం. నజ్మా నమ్మింది, జాకెట్లు ఇచ్చేవాళ్లు నమ్మారు. మా ఆయన మాత్రం పళ్లెం తిప్పడం మానలేదు.

మాది గాక ఇంకే పనైనా అయివుంటే మొదటి రోజే దొరికిపోయేదాన్ని. సగం బట్టలు కుట్టిన దర్జీనీ, సగం గోడకి సున్నం వేసిన మనిషినీ ఎవరూ నయమైందనరు. మా పనిలో సగం గీయడమే పద్ధతి కాబట్టి నా జబ్బు పనితనంలా చెలామణీ అయిపోయింది.

2004, అక్టోబరు

మైలవరం నుంచి మేరీ టీచరు గారు వచ్చారు. వాళ్లమ్మాయి పెళ్లి. చర్చిలో కట్టుకునే తెల్లచీరకి పల్లూ మీద తెల్ల పూసలతో, వెండి జరీతో పని కావాలన్నారు. నజ్మా ఆ రోజు ఊళ్లో లేదు. టీచరు గారు నాకే చెప్పారు.

"ఒకటే తీగ కావాలి రజియా. ఈ కింద మూలలో మొదలై ఆ పై మూల దాకా పోవాలి. మా పిల్ల చర్చి గుమ్మం నుంచి పాస్టరు గారి ముందు దాకా నడుస్తుంది చూడూ, అలా. మధ్యలో ఎక్కడా తెగకూడదు."

ఆ మాటకి నా ఒళ్లు ఝల్లుమంది. అలాంటి తీగ ఎవరూ అడగలేదు. రెండు మధ్యాహ్నాలు గోడకి ఆనుకుని దాన్ని పెంచుకున్నాను. పెద్ద కాగితం పరుచుకుని కుడి కింద మూల నుంచి మొదలుపెట్టాను. ఆకులు, మొగ్గలు, సన్నటి నులితీగలు. చివరిదాకా గీశాను. తృప్తిగా పెన్సిల్ కింద పెట్టాను. నజ్మా వచ్చి చూసింది, సగమే ఉంది కదా అని అలవాటు ప్రకారం మధ్యకి మడిచి పొడిచేసింది.

టీచరు గారు మళ్లీ వచ్చి, నల్లగుడ్డ మీద పరిచిన కాగితం చూసి మొహం చిన్నబుచ్చుకున్నారు.

"రెండు తీగలు వేశావేమ్మా? అటొకటీ ఇటొకటీ వచ్చి మధ్యలో గుద్దుకుంటున్నాయి. నేను ఒకటే కదా అడిగాను?"

"ఒకటే వేశానండీ."

"ఆపా సగమే వేసింది టీచర్ గారూ, మడత పెట్టాలేమో అని నేనే పొడిచాను" అంది నజ్మా.

"సగమేంటే? నేను మొత్తం గీశాను. ఈ మూల నుంచి ఆ మూల దాకా!"

అంతలో మా ఆయన మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చారు. గుమ్మంలోనే విషయం అర్థమైపోయినట్టుంది. నేను పెన్సిల్‌తో గీసిన అసలు కాగితాన్ని తెచ్చి నా ముందు పెట్టారు. రెండు చేతులతో పట్టుకుని, పళ్లెం తిప్పినట్టే, తలకిందులుగా తిప్పారు.

తెల్లకాగితం. ఏమీ లేని తెల్లకాగితం, నా రెండు చేతులూ చాచినా సరిపోనంత. నా తీగ జాడే లేదు.

అప్పుడు భయం వేసింది. ఏప్రిల్‌లో పడాల్సిన భయం అంతా ఆ ఒక్క నిమిషంలో పడింది. ఆ తెలుపులో నాకు అన్నీ కనిపించాయి. వదిలేసిన అన్నం, దువ్వని తల, రెండో గట్టు లేని కాలువ. ఆ వెంటనే ఇంకోటి తట్టింది. మోచేతి దగ్గర తెగిపోయిన నజ్మా చెయ్యి ఎవరి వైపు చూపించిందో. మా ఆయన మొహంలోకి చూశాను. అడగడానికి నోరు రాలేదు. టీచరు గారు నా తల నిమిరి, "పెళ్లికి ఇంకా టైముందమ్మా. నువ్వు వెయ్యగలిగినప్పుడే వెయ్యి. ఇంకొకళ్లకి ఇవ్వను" అని వెళ్లారు. అడ్వాన్సు కూడా వెనక్కి అడగలేదు.

2004, నవంబరు

డాక్టరు గారి దగ్గరికి మళ్లీ వెళ్లాం. ఈసారి నేనే మాట్లాడాను.

"కుడి బుర్ర కళలకీ, ఎడమ బుర్ర లెక్కలకీ అంటారు కదండీ. నాది పోయింది కుడిదే. తీగలో ఆ సగం నా బుర్రలోంచే పోయిందా? ఉన్నదాన్ని నేను చూడలేకపోతున్నానా, లేక అసలు లేదా?"

నాకు కావలసింది ఆ ఒక్క జవాబే. లేదంటే నేను పాత కాగితాలు పొడుచుకుంటూ బతకాలి.

"పేపర్లో రాసేంత తేలిగ్గా ఉండదమ్మా అది. డిజైన్లు అలమరలో పెట్టినట్టు ఒక పక్కన ఉండవు. ఒక చోట జ్ఞాపకం లేస్తుంది. ఒక చోట అది ఇంకోదానితో కలుస్తుంది. ఇంకో చోట ఇది బావుంది, ఇది బాలేదు అని ఏరుకుంటుంది. మీరు గోడకి ఆనుకుని కూర్చుంటారే, అప్పుడు ఊరికే ఉన్నారనుకుంటారు. మెదడు ఊరుకోదు. ఆ టైములోనే ఎక్కడెక్కడివో తెచ్చి కలుపుతూ ఉంటుంది. మాకూ ఇవన్నీ ఇప్పుడిప్పుడే తెలుస్తున్నాయి" అని, "కళ్లు మూసుకోండి" అన్నారు.

మూసుకున్నాను.

"మీ వీధి మొదట్లో నిలబడి ఇంటి వైపు నడుస్తున్నారు. ఏమేం కనిపిస్తున్నాయి?"

కొబ్బరికాయల కొట్టు, గాజుల కొట్టు, నూనె డబ్బాల గోడౌన్, మా మేడ మెట్లు. వరసగా చెప్పాను.

"ఇప్పుడు ఇంటి దగ్గర బయల్దేరి వీధి మొదటికి రండి."

మసీదు గోడ, ఇస్త్రీ బండి, బెల్లం దుకాణం, శుభలేఖల ప్రెస్సు.

"ఆపా, ఇందాక వీటిలో ఒక్కటీ చెప్పలేదు!" అంది నజ్మా.

"వెళ్లేటప్పుడు అవి ఎడమ పక్క ఉన్నాయి. వచ్చేటప్పుడు కుడి పక్కకి వచ్చాయి" అన్నారు డాక్టరు గారు. "చూశారా? ఏ కొట్టూ పోలేదు. మీ వీధి అంతా మీ దగ్గరే ఉంది. మీ తీగ కూడా ఉంటుంది. అటు తిరగడం నేర్చుకోవాలి."

ఆ గదిలో నేను గట్టిగా ఏడ్చాను. బయట వరుసలో ఉన్నవాళ్లు ఏమనుకున్నా సరేననిపించింది.

ఎర్ర గీత డాక్టరు గారు నేర్పిందే. కాగితానికి ఎడమ అంచున ఎర్ర రంగు ఉంచుకోవాలి. ఆ ఎరుపు కనిపించేదాకా తల తిప్పుతూనే ఉండాలి. కనిపించిందంటే అది అంచు. నజ్మా ఆ అంచు వెంబడి ఎర్ర పట్టుదారం కుట్టింది. అయినా మొదట్లో గీస్తూ గీస్తూ మర్చిపోయేదాన్ని, చూపు జారిపోయి కుడికి వచ్చేసేది. అది చూసి మా ఆయన ఒక పని చేశారు. పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, నాకు ఎడమ పక్కన పీట వేసుకుని, కాగితం మూలని బొటనవేలితో నొక్కి పట్టి కూర్చున్నారు. నేను ఆగినప్పుడల్లా వేలితో కాగితం మీద టకటకా కొట్టేవారు.

"రజియా, ఇటు చూడు. రజియా, ఇటు."

అదే మాట. కిటికీ వైపు నుంచి వినిపించిన మాట. ఈసారి గొంతు రావలసిన చోటి నుంచే వచ్చింది.

తీగ మధ్య గీత దాటింది. అవతల ఏ ఆకు వస్తుందో నాకు ముందుగా తెలియదు. గట్టు కనిపించని నీళ్లలో దిగినట్టు, ఆ టకటకా చప్పుడు వైపు పెన్సిల్ లాక్కుంటూ పోయాను. ఒక ఆకు వచ్చింది. దానిలోంచి నులితీగ. ఆ ఆకులు కుడి పక్క ఆకుల్లా లేవు, కొంచెం వంకరగా, తడుముకుంటున్నట్టు ఉన్నాయి. నజ్మా చెరపబోతే వద్దన్నాను. అలా ఎన్నో సాయంత్రాలు గడిచాక ఒక రోజు తల బాగా తిప్పితే ఎర్ర దారం కనిపించింది. దాని పక్కనే మా ఆయన బొటనవేలు. ఆయన వేలు తీస్తే కాగితం మీద గ్రీజు మరక, మొగ్గంత ఉంది.

"అయ్యో, పాడుచేశానే" అన్నారు.

నేను ఆ మరక చుట్టూ గీత గీశాను. తీగ చివరి మొగ్గ అదే అయింది. ఆ చీర కట్టుకుని టీచరు గారమ్మాయి డిసెంబరులో చర్చిలో నడిచింది. పల్లూలో ఎడమ సగమే బావుందని చూసినవాళ్లందరూ అన్నారట.

మీ ఇంట్లో మనిషి ఇలా ఉంటే ఎడమ పక్కనే కూర్చోండి. కనిపించడం లేదని కుడి పక్కకి వచ్చెయ్యకండి. మీరు రాలేదని తిడతారు, ఏడుస్తారు. అయినా అక్కడే కూర్చుని పిలవండి. నేను ఇది ధైర్యంగా చెప్పగలను, ఎందుకంటే ఆ మొగ్గ గీసిన సాయంత్రం, పెన్సిల్ కింద పెట్టి, అడగలేక దాచుకున్న మాట అడిగేశాను.

"ఆస్పత్రిలో కూడా ఇలాగే కూర్చున్నారా?"

మా ఆయన వేలికంటిన గ్రీజు గుడ్డకి తుడుచుకుంటూ, "ఇంత పెద్ద పీట కాదులే. అక్కడ చిన్న స్టూలు" అన్నారు.